గడియారాల పేజీ

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కుట్టుపని గదిలో మిషన్లు ఆగిపోయేవి. అంటే పని ఆగేదని కాదు. చేత్తో చేసే పనులన్నీ ఆ గంట కోసమే దాచుకునేవారు. బొత్తాలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం, మడతలు పెట్టడం. ఆస్పత్రులకి వెళ్ళే రోగుల చొక్కాలు, దుప్పట్లు, నర్సుల కోట్లు అక్కడ తయారయ్యేవి. మిషన్ల మోతలో మాట వినపడదు కాబట్టి, చెవులు ఖాళీగా ఉండే పనంతా ఆ గంటలోకి తోసేశారు. ఈ ఏర్పాటు యజమాని చేసిందీ కాదు, వద్దన్నదీ కాదు. ఆ గంటలో ఎవరూ టీ వంకతో లేచిపోరని, బొత్తాలు మామూలుకన్నా గట్టిగా పడతాయని ఆయన ఎప్పుడో కనిపెట్టాడు.

వాళ్ళు వినేది నవల. చదివేది చదువులక్క. ఆవిడ అసలు పని బొత్తాలు కుట్టడమే. ఆవిడ చదువుతున్నంతసేపూ ఆవిడ వాటా బొత్తాలు మిగతావాళ్ళు పంచుకుని కుట్టేవారు. అందుకే కథ చప్పగా నడిచిన రోజున ఆవిడకి నామోషీగా ఉండేది, నలుగురి చేత ఊరికే చాకిరీ చేయించుకున్నట్టు.

వినడానికీ ఒక పద్ధతి ఉంది. వాక్యం నచ్చితే నోరు తెరిచి మెచ్చుకోకూడదు, కథ తెగిపోతుంది. చేతిలో ఉన్న కత్తెర పిడితో బల్ల మీద రెండుసార్లు తట్టాలి. తడితే చదువులక్క ఆ వాక్యం మళ్ళీ చదవాలి. మిషను కుట్టే అమ్మాయిని అందరూ చిలక అనేవారు, రోజంతా వాగుతూనే ఉంటుందని. ప్రేమ మాట వినపడితే చాలు, చిలక కత్తెర ఆగేది కాదు. ఇస్త్రీ బాబాయికి కత్తెరతో పని లేదు కనక ఆయన ఇస్త్రీపెట్టెనే దాని ఇనప పీట మీద టకటకలాడించేవాడు. తిట్లూ తగువులూ వస్తే ఆయన పండగ చేసుకునేవాడు.

గుడ్డ కత్తిరించే పెద్దమ్మ ఒక్కతే ఏనాడూ తట్టలేదు. ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద కత్తెర ఆవిడదే. "కత్తెరున్నది గుడ్డకి, బల్లకి కాదు" అనేది ఎవరైనా అడిగితే. ఆవిడకి కుడి చెవి వినపడదు. అందుకని ఎడమ చెవి చదువులక్క వైపు వచ్చేలా బల్ల చివర నిలబడి కత్తిరించుకుంటూ వినేది. కొత్తగా చేరినవాళ్ళు ఆ సంగతి మర్చిపోయి కుడిపక్కన నిలబడి గొంతు చించుకునేవారు, పాతవాళ్ళు నవ్వుకునేవారు.

చదువులక్క ఇన్నాళ్ళూ ఎవరెవరి దగ్గరో అరువు తెచ్చిన నవలలు చదివింది. ఈసారి మాత్రం తన సొంతది తెచ్చింది. తేవాలా వద్దా అని చాలా ఊగిసలాడింది. అట్ట లేదు, మొదటి పేజీలు ఊడిపోయాయి, రాసినవాళ్ళ పేరు ఏమిటో ఆవిడకే తెలియదు. మిగిలిన గుడ్డతో దానికి ఒక తొడుగు కుట్టుకుంది. పెళ్ళి కాకముందు నుంచీ ఆ నవల ఆవిడ దగ్గరే ఉంది. అందులో ఒక అన్నయ్య, ఒక చెల్లెలు. అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. చెల్లెలిది ఏటికి అవతల ఊరు. పుట్టిల్లు అమ్మే దగ్గర మాటామాటా వచ్చి ఇద్దరూ మొహాలు చూసుకోవడం మానేశారు. అంతే కథ. కానీ ఆ నవల చదివినప్పుడల్లా చదువులక్కకి ఒక రకమైన అసూయ పుట్టేది. చెడ్డ అసూయ కాదు. పక్కింటివాళ్ళ పసిబిడ్డ నిద్రపోతుంటే చూసి, మనకి పుట్టి ఉంటే బాగుండేదని అనుకోవడం లాంటిది. ఇది నేను రాసి ఉంటే, అనుకునేది. ముఖ్యంగా గడియారాల పేజీ. ఆ పేజీ దగ్గర పుస్తకం దానంతట అదే తెరుచుకునేది.

గురువారంనాడు చిలక ఆవిడ కళ్ళజోడు మీద కూర్చుంది.

ఒక కాడ విరిగింది, ఒక అద్దం ఊడి బీరువా కిందికి దొర్లింది. చిలక మొహం పాలిపోయింది. చదువులక్క మాత్రం "పోనీలేవే, సాయంత్రం చూసుకుందాం" అని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. చెల్లెలికి కబురు అందిన దగ్గర ఉంది కథ. అన్నయ్యకి ఒంట్లో బాగాలేదని పడవవాడు అవతలి గట్టునుంచి కేకేసి చెబుతాడు. ఆవిడ కళ్ళు కిటికీ వైపు పెట్టి, అక్కడినుంచి అందుకుంది. ఎక్కడా తడుముకోలేదు. పేజీ తర్వాత పేజీ, చెల్లెలు తలుపుకి తాళం వేసింది, మళ్ళీ తీసింది, గొడుగు మర్చిపోయిందని వెనక్కి వచ్చింది, వచ్చినందుకు తనని తాను తిట్టుకుంది. గంట అయిందని ఎవరికీ తెలియలేదు. మిషన్లు వేసే వేళ దాటిపోయినా ఎవరూ లేవలేదు.

"చూడకుండా ఎలా చెప్పావక్కా?" అంది చిలక.

"చాలాసార్లు చదివాను కదే."

"మా ఇంటి అడ్రసు కూడా నేను చాలాసార్లు రాశాను. ఇప్పటికీ తడుముకుంటా. ఇంత పొడుగు కథ ఒక్క ముక్క పోకుండా వచ్చిందంటే..." చిలక సూది గాల్లోనే ఆపింది. "ఇది నువ్వే రాశావు."

"అందుకే అట్ట చింపేసింది" అన్నాడు ఇస్త్రీ బాబాయి, దొంగని పట్టుకున్న ఉత్సాహంతో. "పేరు కనపడితే మనం ఆటపట్టిస్తామని."

చదువులక్క నవ్వింది. కాదని చెప్పాల్సిన చోట నవ్వితే అవునని అనుకుంటారని ఆవిడకి తెలియక కాదు. నాలుక చివరిదాకా వచ్చిన 'కాదు' అక్కడే ఆగింది. ఇన్నేళ్ళుగా మనసులో అనుకున్న మాట ఎవరో పైకి అన్నారు, అది ఒక్క పూట ఉండనిద్దాం అనిపించింది. రేపు చెప్పచ్చు.

మర్నాడు చెప్పలేదు. కళ్ళజోడు కాడని తెల్ల దారంతో చుట్టి కట్టుకుని వచ్చేసరికి ఆవిడ స్టూలు మీద మెత్త వేసి ఉంది. ఇస్త్రీ బాబాయి "రచయిత్రిగారు వచ్చారు, దారి ఇవ్వండి" అన్నాడు, దారికి అడ్డంగా ఉన్నది తనొక్కడే అయినా. కథ మొదలయ్యే ముందు చిలక ప్రశ్నలు మొదలెట్టింది. ఆ అన్నయ్యకి పెళ్ళెందుకు చెయ్యలేదు? చెల్లెలి మొగుడు అంత మెతకవాడేమిటి?

"అతనికి పెళ్ళి చేస్తే ఆ ఇంట్లో గడియారాల చప్పుడు ఎవరికి వినపడుతుందే?" అంది చదువులక్క. అని, తన జవాబుకి తనే ఆశ్చర్యపోయింది. ఆ ముక్క పుస్తకంలో లేదు. "మొగుడు మెతక కాకపోతే చెల్లెలు పంతానికి పోయేదే కాదు. ఇంట్లో గెలవాల్సిన పని లేనివాళ్ళే బయట ఓడిపోవడానికి ఒప్పుకోరు."

చిలక కత్తెర తీసుకుని టకటకా తట్టింది. కథలోది కాని మాటకి తట్టడం అదే మొదలు. చదువులక్కకి ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు, దుకాణం అద్దంలో తన నీడ కనిపిస్తే కొంగు సర్దుకుంది. తప్పు చేస్తున్నానన్న బాధ ఉండాల్సినంత లేకపోవడమే ఆవిడకి కాస్త బాధగా ఉంది.

శనివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర గిన్నె కడుగుతుంటే పెద్దమ్మ వచ్చి పక్కన నిలబడింది. తన గిన్నె అప్పటికే కడిగేసుకుంది, అయినా మళ్ళీ కడగడం మొదలెట్టింది.

"అతన్ని చంపుతావా?"

"ఎవర్ని పెద్దమ్మా?"

"ఎవర్నేమిటి, ఆ గడియారాలాయన్ని. రెండు రోజులుగా దగ్గిస్తున్నావు. ఊరికే దగ్గించవు కదా."

చదువులక్కకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. సోమవారం చదవాల్సింది ఆ చావే. వానకి పడవ కదలక చెల్లెలు రేవులోనే ఉండిపోతుంది. తెల్లారి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంటుంది. అన్నయ్య పోయాడు. కానీ పోయేముందు ఇంట్లో ఉన్న గడియారాలన్నిటికీ కీ ఇచ్చి పోయాడు. అవన్నీ ఒకదాని వెనక ఒకటి గంటలు కొడుతుంటే చెల్లెలు ఆ మధ్యలో నిలబడి ఉంటుంది. అదే గడియారాల పేజీ.

"చూద్దాం పెద్దమ్మా."

"చూద్దామనాల్సింది మేము. నీదేముంది, నీ చేతిలో పని." పెద్దమ్మ గిన్నె బోర్లించి మళ్ళీ తిప్పింది. "వాళ్ళిద్దరినీ ఒక్కసారి కలవనియ్యి. తర్వాత నీ ఇష్టం. నేనేం అడగను."

పెద్దమ్మకి ఒక అన్నయ్య ఉన్నాడని గదిలో అందరికీ తెలుసు, ఆవిడ ఎవరికీ చెప్పకపోయినా. ఆయన ఇల్లు ఈ గది వెనక సందులోనే. వాళ్ళ అమ్మ పోయినప్పుడు ఎవరు ఎవర్ని ఏమన్నారో గానీ, అప్పటినుంచీ పెద్దమ్మ ఆ సందు వదిలేసి, పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికెళ్ళేది. మొన్నీమధ్య ఆయన మంచం పట్టాడని చిలక కబురు మోసుకొచ్చింది. పెద్దమ్మ "అలాగా" అంది. ఆ రోజు ఒక కట్ట చొక్కాలకి చేతులన్నీ ఎడమవే కత్తిరించింది. ఆవిడ పనిలో అలాంటి పొరపాటు ఎవరూ ఎరగరు. యజమాని ఏమీ అనలేదు, ఆ ముక్కలు చూసి ఆవిడకన్నా ఆయనే ఎక్కువ కంగారుపడ్డాడు.

నాది కాదు పెద్దమ్మా ఆ కథ, అనడానికి అదే సమయం. చదువులక్క నోరు తెరిచింది కూడా. పెద్దమ్మ తడి చెయ్యి తన కొంగుకి తుడుచుకోబోయి, పొరపాటున చదువులక్క కొంగుకి తుడిచేసింది. చూసుకోలేదు. అలాంటి మనిషితో ఏం చెబుతాం? "అలాగే పెద్దమ్మా" అంది చదువులక్క.

ఆదివారం పొద్దున్నే ఇంటి పనులన్నీ గబగబా ముగించి, కిటికీ పక్కన కాగితాలు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ భర్త బస్సు నడుపుతాడు. సెలవురోజు కదాని మంచం మీద దొర్లుతూ, పక్కనే తొడుగేసి ఉన్న నవల చూశాడు.

"అసలు నువ్వు కాపురానికి నాతో వచ్చావా, దానితో వచ్చావా?"

"దానితోనే వచ్చాను. దారిలో మీరు కూడా ఎక్కారు" అంది తలెత్తకుండా.

ఆయన నవ్వుకుని, ఆవిడ మొహం చూసి, వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి గిన్నెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినపడింది. మామూలుగా అయితే లేచి వెళ్ళేది. ఇవాళ వెళ్ళలేదు.

పడవని కదిలించడం తేలికగానే అయింది. వాన తగ్గించింది, చెల్లెల్ని ఏరు దాటించింది, వీధిలో నడిపించింది, గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. చెయ్యి అక్కడ ఆగిపోయింది. లోపల అన్నయ్య బతికే ఉన్నాడు. ఇప్పుడేం మాట్లాడతారు? 'అన్నయ్యా, నన్ను క్షమించు' అని రాసి కొట్టేసింది, సినిమాలా ఉంది. 'ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు' అని రాసి అదీ కొట్టేసింది. వాళ్ళు ఆ రకం మనుషులు కాదు. ఆ అన్నయ్య ఏడ్చే మనిషైతే అసలు ఇంతదాకా వచ్చేదే కాదు.

కాగితం వంక చూస్తూ కూర్చున్నప్పుడు ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఆ మహానుభావుడెవరో, లేక మహాతల్లి ఎవరో, ఇక్కడ తప్పించుకున్నారు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడితే ఏం మాట్లాడించాలో తెలియక, ఒకరిని చంపేసి గడియారాల చేత మాట్లాడించారు. ఇన్నేళ్ళుగా తను దండం పెట్టుకున్న పేజీ వెనక ఒక మనిషి, తనలాగే కలం నోట్లో పెట్టుకుని దిక్కుతోచక కూర్చుని ఉండాలి. చదువులక్కకి ఆ మనిషి మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. పుస్తకం తీసి గడియారాల పేజీ ఒకసారి చదువుకుంది. అన్నయ్య బతికితే ఈ పేజీకి చోటు లేదు. ఆ గదిలో ఎవరూ దీన్ని వినరు, దీనికి కత్తెరలు ఎలా మోగేవో తను చూడదు. మనసు చివుక్కుమంది. పుస్తకం మూసి, కాళ్ళ దగ్గర కింద పెట్టింది.

వంటింట్లోంచి భర్త ఏదో అడిగాడు. సరిగా వినపడక "ఆఁ?" అని ఆ వైపు తల తిప్పింది. తిప్పిన తలని కాసేపు అలాగే ఉంచింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని రాసింది. ఈసారి కొట్టివేతలు లేవు. ఎక్కువా రాయలేదు, పేజీ కూడా నిండలేదు. భర్త కంచం తెచ్చి పక్కన పెట్టి, "చల్లారిపోతే నన్నేం అనకు" అన్నాడు.

సోమవారం భోజనాలవగానే అందరూ ఎప్పటికన్నా ముందే సర్దుకున్నారు. చిలక దారం ఎక్కించిన సూదులు వరసగా గుచ్చి పెట్టుకుంది, మధ్యలో ఆగే పని లేకుండా. చదువులక్క పుస్తకం తెరిచి, రేవు దాకా అచ్చులో ఉన్నది చదివింది. అక్కడ పేజీల మధ్య పెట్టుకొచ్చిన కాగితం మీదికి కళ్ళు దించింది. గొంతు మారింది. తనకే తెలుస్తోంది, ఎగుడుదిగుడు రోడ్డు మీదికి బండి దిగినట్టు. వాన తగ్గిన చోట ఎవరూ తట్టలేదు. ఏరు దాటిన చోటా తట్టలేదు. ఇస్త్రీ బాబాయి ఆవులింత ఆపుకోవడం కంటి చివర కనపడింది.  గొంతు సవరించుకుని చదివింది.

'తలుపు తీసే ఉంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని, ఒళ్ళో గడియారం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఆమె వచ్చి గోడవార ఉన్న పీట మీద కూర్చుంది. అతను చూశాడు. లేచాడు. కుర్చీని ఈడ్చుకుంటూ ఆమె కుడిపక్కనుంచి చుట్టూ తిరిగి ఎడమపక్కకి వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్ళయినా, ఆమెకి ఏ చెవి వినపడదో అతను మర్చిపోలేదు.'

"ఆగక్కా, ఆగు" అంది చిలక. పద్ధతి మర్చిపోయింది. "ఆవిడకి చెవుడెప్పుడొచ్చింది? మొన్న పడవవాడు అవతలి గట్టునుంచి కేకేస్తే శుభ్రంగా వింది కదా?"

"వానలో నానింది కదా, పట్టేసి ఉంటుంది" అన్నాడు ఇస్త్రీ బాబాయి సర్దిచెబుతూ.

ఎవరూ నవ్వలేదు. చిలక అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఇంత పెద్ద నవల ఒక్క ముక్క పోకుండా ఒప్పజెప్పిన మనిషి, చెల్లెలి చెవులు రెండూ బాగున్నాయన్న సంగతి మర్చిపోయింది. రాసేటప్పుడు ఆవిడ కళ్ళ ముందు ఉన్నది ఆ చెల్లెలు కాదు.

చదువులక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఈ నవల నేను రాయలేదు" అంది. "రాసి ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనుకునేదాన్ని. మీరు అంటే కాదనబుద్ధి కాలేదు. ఇదిగో, ఇప్పుడు చదివిన ఈ కాగితం ఒక్కటే నాది. అందుకే అతకలేదు."

చిలక కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఇస్త్రీ బాబాయి ఇస్త్రీపెట్టె పీట మీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ తీశాడు. ఎవరో బొత్తం జారవిడిచారు, అది దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగింది. చదువులక్క మెత్త వేసిన స్టూలు మీద కూర్చోలేక లేవబోయింది.

"మరి అసలు పుస్తకంలో ఏముందక్కా?" అంది చిలక, కోపంగా కాదు గానీ కాస్త నిష్ఠూరంగా.

చదువులక్క జవాబు చెప్పేలోపే పెద్దమ్మ బల్ల చివరనుంచి అంది. "మా అన్నయ్య ఎప్పుడూ ఎడమపక్కనే నడిచేవాడు. బడికెళ్ళేటప్పుడు నేను అటుపక్కకి మారితే తనూ మారేవాడు. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. అలా చేసి ఉంటాడనిపించింది."

 పెద్దమ్మ ముందున్న గుడ్డ మీద సుద్దగీత సగం దాకా తెగి ఉంది. ఆవిడ కత్తెర గుడ్డలోంచి బయటికి తీసింది. తిరగేసి పట్టుకుంది. పిడితో బల్ల మీద రెండుసార్లు తట్టింది. పెద్ద కత్తెర కదా, బల్ల మీది సూదులన్నీ గలగలమన్నాయి.

"పుస్తకంలో ఉన్నది రేపు విందాం" అంది చిలక వైపు చూసి. "ముందు అది మళ్ళీ చదవనీ."

ఏ వాక్యమో అడగక్కర్లేకపోయింది. నవలంతా నోటికొచ్చిన చదువులక్కకి, తన సొంత వాక్యం మాత్రం నోటికి రాలేదు. దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దగ్గరగా తెచ్చుకుని, చూసి చదివింది.